సుంకులమ్మ చాప

ఎప్పుడో, మన ముత్తాతల ముత్తాతలు ఇసుకలో అక్షరాలు దిద్దే రోజుల్లో, గవ్వలపాడులో సుంకులమ్మ అనే ముసలావిడ ఉండేది. చాపలు అల్లి అమ్ముకునేది. అక్షరం ముక్క రాదు.

ఆ ఊరికో ఆచారం. కోతలయ్యాక ఏటా ఒక ఇంటివాళ్ళు బడి గుమ్మం బయట నిలబడి వినాలి. పిల్లలు ఎక్కాలు గొంతు చించుకుని అరిస్తే అయ్యవారు మంచివాడు. అరవకపోతే ఆయన మూట సర్దుకోవాల్సిందే. ఎంత తెలివైన ఊరో చూశారా!

ఆ ఏడు వీరేశం అయ్యవారు కొత్తగా వచ్చాడు. మెత్తటి గొంతు. బడిలోంచి చప్పుడే వచ్చేది కాదు. ఇంట్లో భార్య నిండు చూలాలు. ఊరు పొమ్మంటే ఎక్కడికి పోవాలన్న దిగులుతో ఆయనకు అన్నం సయించడం లేదు. వినే వంతు సుంకులమ్మకు వచ్చింది.

ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, నిలబడలేదు. అందుకని లోపలికే పోయి, పిల్లల వెనకాల చాప పరుచుకుని కూర్చుంది. ఆవిణ్ణి చూసి అయ్యవారు తడబడ్డాడు. పాఠమంతా పాడైంది.

సాయంత్రం ఊరిపెద్ద ఓబుల్‌రెడ్డి అడిగాడు.

"ఏం సుంకులమ్మా, ఉంచుదామా, పంపిద్దామా?"

"ఒగనాడు సూసి ఎట్ల సెప్పేది రెడ్డీ? మల్లా పోతా."

రెండోసారి చెప్పకుండా వెళ్ళి, చాప అల్లుకుంటూ కూర్చుంది. అయ్యవారు ఆవిణ్ణి మరిచిపోయి పాఠంలో పడ్డాడు. ఆవిడ ఆయన్ను కాదు, పిల్లల్ని చూసింది. ముందు వరస నోరు తెరుచుకుని వింటోంది. చివరి వరస ఈగలు తోలుకుంటోంది.

బడి వదిలాక దగ్గరికి పోయింది. "అయ్యోరా, నువ్వు సెప్పేది బాగుండాది. కానీ యెనకాలుండే పిల్లోళ్ళ దాకా రాలే."

ఆయన ముఖం పాలిపోయింది. "ఈ మాట రెడ్డికి చెప్తావా అవ్వా?"

"మొదుట నీకే సెప్పాల గదా. దిద్దుకునేటోడివి నువ్వు!"

సాయంత్రం రెడ్డి మళ్ళీ అడిగాడు. "ఉంచుదామా, పంపిద్దామా?"

"మల్లా పోతా."

మూడోసారి వెళ్ళేసరికి అయ్యవారు చివరి వరసలో, పిల్లల మధ్య చతికిలబడి ఉన్నాడు. అక్కడ గౌరి ఉంది. ఆ పిల్ల మొద్దని ఊరంతా ఎప్పుడో తేల్చేసింది. సుంకులమ్మ ఆ పిల్లనే అడిగింది.

"మొన్న నీకు రానిది ఈ పొద్దు ఏమొచ్చె పాపా?"

గౌరి ఇసుకలో తన పేరు రాసింది. "నీ పేరు గూడా రాస్తా అవ్వా" అని, దాని కిందే ఇంకేదో రాసింది. సుంకులమ్మ రెడ్డిని పిలుచుకొచ్చి చూపించింది. రెడ్డి వంగి, కూడబలుక్కుని చదివాడు. "సుం...కు...ల...మ్మ."

తన పేరు ఎలా ఉంటుందో ఆవిడ చూడటం అదే మొదటిసారి. కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ సాయంత్రం రెడ్డి ఉంచుదామా, పంపిద్దామా అని అడగనేలేదు. ఆ నెలలోనే అయ్యవారింట్లో ఉయ్యాల కట్టారు.

సుంకులమ్మ పోయి ఎన్ని తరాలైందో! ఆ చుట్టుపక్కల బళ్ళలో ఇప్పటికీ వెనకాల ఒక చాప పరిచి ఉంచుతారట. బడి చూడ్డానికి ఎంత పెద్దవాడొచ్చినా దానిమీదే కూర్చోవాలి. ఒక్కరోజు చూసి తీర్పు చెప్పకూడదు. తప్పు కనబడితే ముందు అయ్యవారికే చెప్పాలి. లేచేముందు పక్కనున్న పిల్లను అడగాలి, "మొన్న నీకు రానిది ఈ పొద్దు ఏమొచ్చె?"

పిల్లలంతా ఇళ్ళకు పోయాక, కొందరు అయ్యవార్లు తామే వెళ్ళి ఆ చాపమీద కూర్చుంటారట. అక్కణ్ణించి, ఖాళీగా ఉన్న తమ చోటు వంక కాసేపు చూస్తారట.