పెరటి పులుసు

రండి, ఇంకొంచెం దగ్గరగా జరిగి కూర్చోండి. గోడకు ఆనుకున్నవాళ్ళు కూడా ఇటు రావాలి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. మీ వెనకాల పెద్దవాళ్ళు కొందరు ఊరికే నిలబడినట్టు నిలబడ్డారు, వాళ్ళనీ కూర్చోమనండి. నిన్న రేడియోలో పని లేనివాళ్ళ సంఖ్య తగ్గిందని చెప్పారట. టీ కొట్టు దగ్గర సగం మంది శుభమన్నారు, సగం మంది ఎన్నాళ్ళుంటుందో తెలియనిదీ ఒక పనేనా అన్నారు. మాట మీద మాట పెరిగి టీలు చల్లారిపోయాయి. మాస్టారు ఏమంటారని నన్నూ అడిగారు. నాకు వాదించడం చేతకాదు. చిదంబరయ్య గురువు గారి మఠంలో జరిగిన సంగతి ఒకటి తెలుసు. అదే చెబుతాను.

చిదంబరయ్య గారిది నేతగాళ్ళ ఊరు. మఠం అంటే పెద్ద గోపురాలూ అవీ ఏమీ లేవు, రెండు గదులు, ముందొక పందిరి. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించేవారు. ఆత్మ అంటే ఏమిటని అడిగినవాడికి తొట్టి కడగమని చెప్పారు. ఆ తొట్టి ఇప్పటికీ శుభ్రంగానే ఉంది గాని ఆత్మ సంగతి తేలలేదని ఊళ్ళో నవ్వుకునేవారు.

ఆయన శిష్యుల్లో భావనారాయణ అని ఒకడు. ఊళ్ళో మగ్గాల షెడ్లన్నిటికీ అతనే పెద్ద. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. అతను పెద్దరికం తీసుకునేనాటికి షెడ్లలో సగం మగ్గాలు బూజు పట్టి ఉన్నాయి. మగవాళ్ళు పొద్దున్నే వచ్చి పోస్టాఫీసు అరుగు మీద పులిజూదం ఆడుకుంటూ కూర్చునేవారు. దానికి కారణం పాత ఆనవాయితీ. ఉగాదికి ఒక నేతగాడికి మగ్గం ఇస్తే మళ్ళీ ఉగాది దాకా అది అతనిదే. బట్ట అమ్ముడుపోయినా పోకపోయినా అతని ఇంటి గింజలు షెడ్డు యజమానులే చూడాలి. ఆ బరువుకు భయపడి షెడ్లవాళ్ళు ఎవరినీ కూర్చోబెట్టేవారు కాదు.

భావనారాయణ ఆ ఆనవాయితీ మార్చాడు. పడుగు అంటే మగ్గం మీద నిలువుగా పరిచే నూలు. ఒక పడుగు నేసేసరికి సుమారు నెల తిరుగుతుంది. ఇకమీదట మాట ఆ ఒక్క పడుగుకే అన్నాడు. పడుగు ఎక్కితే పని, దిగితే సెలవు. షెడ్డు వెనక కాపురముండే గది కూడా మగ్గంతో పాటే. మళ్ళీ పడుగు ఇస్తే ఉండొచ్చు, ఇవ్వకపోతే తాళంచెవి అప్పగించి వెళ్ళాలి. భయం పోయింది కనుక షెడ్లవాళ్ళు తలుపులు తెరిచారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి కూడా మనుషులు వచ్చారు. పోస్టాఫీసు అరుగు ఖాళీ అయింది. ఇదంతా నిజమే, ఎవరూ కాదనలేదు.

షెడ్డు ముందర ఒక నల్లబల్ల పెట్టించి, ఊళ్ళో పని లేనివాళ్ళు ఎంతమందో ప్రతి ఆదివారం తన చేత్తోనే రాసేవాడు. వారం వారం పాత అంకె చెరిపి దానికన్నా చిన్నది వేసేవాడు. వారంలో ఒక్క పూట మగ్గం ఎక్కినవాడు కూడా పనివాడి కిందే జమ. ఆ సుద్ద చేతికి అంటుకుంటే అతనికి ఎంత ఇష్టమంటే, చెయ్యి కడుక్కోకుండానే అన్నానికి కూర్చుంటాడని కోటిలింగం అనేవాడు. కోటిలింగం ముసలి నేతగాడు. అతని నోటికి జడవని షెడ్డు లేదు.

ఒక సాయంత్రం భావనారాయణ మఠానికి వచ్చి గురువు గారి ముందు కూర్చున్నాడు. మనసులో ఉన్నది అడిగాడు.

"స్వామీ, బోర్డు మీద ఇక చెరపడానికి అంకె కూడా లేదు. అయినా నేను షెడ్డులో అడుగు పెడితే మగ్గం ఆగదు గాని మాట ఆగిపోతుంది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు తల వంచుకుంటారు. నేను చేసిన తప్పేమిటి?"

గురువు గారు దీపం వత్తి సరిచేస్తూ, ఎల్లుండి ఆరాధన కదా, పెరటి పులుసుకు కూర కావాలి, ఈసారి గంప నువ్వు పట్టుకో అన్నారు. ఊరంతా తిరగనక్కర్లేదు, షెడ్ల వెనక వీధి చాలన్నారు.

పెరటి పులుసు ఆ మఠం ఆచారం. మఠం పెట్టిన పెద్ద గురువు గారి ఆరాధన నాడు వండే పులుసులో కొన్న కూర వెయ్యకూడదు. ప్రతి ఇంటివాళ్ళూ తమ పెరట్లో కాసింది ఒక కాయో, గుప్పెడు ఆకో ఇస్తారు. సొరకాయ, గుమ్మడికాయ, చిక్కుళ్ళు, ఏది వస్తే అది. అన్నీ ఒక్క బానలోనే ఉడుకుతాయి. లేనివాడికి కూడా ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలని పెద్ద గురువు గారు ఆ నియమం పెట్టారంటారు. అరుగు మీద పులిజూదం ఆడుకునే రోజుల్లో కూడా గంప నిండేది. షెడ్ల వెనక వీధిలో పెంకులు కనిపించనంతగా పాదులు పాకి ఉండేవి.

మర్నాడు పొద్దున్నే భావనారాయణ ఇస్త్రీ చొక్కా వేసుకుని గంప భుజాన పెట్టుకుని బయలుదేరాడు. వీధి మొదట్లోకి రాగానే అతనికి ఏదో తేడాగా అనిపించింది. పెంకులన్నీ కనబడుతున్నాయి. ఒక్క తీగ లేదు. ప్రతి గది వెనకా జానెడు నేల ఉంది, నీళ్ళు పారే మోరీ ఉంది, ఎండ ఉంది. నేల మాత్రం ఊడ్చినట్టు బోడిగా ఉంది.

మొదటి గదిలో కోటిలింగం నాలుగు వంకాయలు తెచ్చి గంపలో వెయ్యబోయాడు.

"నిగనిగలాడుతున్నాయని మురిసిపోకండి బాబూ, బజారువే. మా పెరటివి కావాలంటే నన్ను ఈ పెరట్లో ఎన్నాళ్ళు ఉండనిస్తారో చెప్పండి, దానికి తగ్గ కూర ఏదో చూసి వేస్తాను. కొత్తిమీర అయితే తొందరగా వస్తుందట."

పక్క గదులవాళ్ళు నవ్వారు. భావనారాయణ కూడా నవ్వాననుకున్నాడు. కొన్నవి పనికిరావని చెప్పి వంకాయలు తిరిగి ఇచ్చేశాడు. తర్వాతి గదుల్లో కొందరు డబ్బులు ఇవ్వబోయారు, కొందరు ఏమీ లేదని చేతులు చూపించారు. ఎవరూ విసుక్కోలేదు, ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ మర్యాదే అతనికి గుచ్చుకుంది.

వీధి చివరి గది పేరంటాలుది. ఆమె గడపలో కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. భర్త బసవయ్య షెడ్డులో మగ్గం మీద ఉన్నాడు. లోపల కుక్కిమంచం మీద అత్తగారు, బాగా పెద్దది, చూపు ఆనదు. అడుగుల చప్పుడు విని ఎవరే అని కోడలిని అడిగింది. షెడ్డు పెద్దాయన వచ్చారు అత్తా అని పేరంటాలు చెప్పింది.

ముసలావిడ మంచం దిగింది. వంగి మంచం కింద చేత్తో తడిమి ఒక మూట ముందుకు లాక్కుంది. ఆ మూట కట్టేసే ఉంది.

"పడుగు దిగిపోయిందా అమ్మా? అబ్బాయిని పిలవనా?"

భావనారాయణ గంపతో అక్కడే నిలబడిపోయాడు. తను గడపలోకి రావడమంటే ఈ వీధిలో దేనికి గుర్తో అతనికి అప్పుడు తెలిసింది. పేరంటాలు లేచి వెళ్ళి, అది కాదత్తా, ఆరాధనకు కూర అడగడానికి వచ్చారని చెప్పి ఆవిడను కూర్చోబెట్టింది. మూటను మాత్రం వెనక్కి తొయ్యలేదు. ఆ తర్వాత అతనితో నెమ్మదిగా, తప్పు పట్టకండి, అత్తకు ఊరు మారితే కష్టం, ఇక్కడ నూతి దాకా దారి ఇప్పుడిప్పుడే కాళ్ళకు అలవాటైంది, పోయిన ఊళ్ళో రెండుసార్లు పడిపోయిందని చెప్పింది.

పని ఇచ్చారు, కాదననండి అని కూడా అంది. పని లేనప్పుడు పస్తులున్నామని, ఇప్పుడు తింటున్నామని ఆమే చెప్పింది.

అప్పుడు గూట్లోంచి ఒక రేకుడబ్బా తెచ్చి మూత తీసింది. లోపల బూడిదలో సొరవిత్తులు ఉన్నాయి. అత్తగారి పుట్టింటి సొరకాయ, మెడ పొడుగుది. ఎక్కడికి వెళ్ళినా డబ్బా వెంట వస్తుంది. వెయ్యడం కుదరక విత్తు పాతబడిపోయింది, ఈ ఎండాకాలానికైనా వెయ్యకపోతే ఇక మొలవదు. కాయ కాసేసరికి ఇప్పుడున్న పడుగు, దాని తర్వాతది కూడా దాటిపోతాయి.

"మీరు వెయ్యమంటే ఈ పూటే పాదు తవ్వుతానండి. కాయ కోసుకునేదాకా ఉంటామని ఒక్క మాట అనండి, చాలు."

ఆ మాట అనడానికి ఊళ్ళో హక్కున్నవాడు అతనొక్కడే. మనసులో చాలా లెక్కలు తిరిగాయి. ఈమెకు అంటే వీధంతటికీ అనాలి. వీధికి అంటే షెడ్లవాళ్ళు మళ్ళీ భయపడతారు, బోర్డు మీద అంకె మళ్ళీ లేస్తుంది. బట్టల బజారు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? అవన్నీ తప్పుడు కారణాలేమీ కావు. డబ్బా చేతిలో పట్టుకుని ఆమె ఎదురుచూస్తోంది. లోపలినుంచి ముసలావిడ కూడా చెవి ఇటే పెట్టింది.

"చూద్దాం," అన్నాడు భావనారాయణ.

మన వైపు ఆ మాటకు అర్థం ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. పేరంటాలు సరేనండి అని డబ్బా మూత పెట్టింది.

ఖాళీ గంపతో మఠానికి వెళ్ళాడు. గురువు గారు గంపలోకి తొంగిచూశారు. పక్క వీధుల్లో ఇవ్వడానికి కాయలున్నాయి, నేను వెళ్ళి తెస్తానని అతను అన్నాడు. షెడ్ల వీధి కాయ లేకుండా వేరే వీధుల కాయలు పులుసులో వెయ్యనన్నారు ఆయన. మర్నాడు చింతపండు, ఉప్పు, మిరపకాయ, ఇంత బెల్లం వేసి బాన నిండా ఉత్త పులుసు కాచారు. వడ్డన భావనారాయణకు అప్పగించారు.

మధ్యాహ్నానికి షెడ్ల వీధివాళ్ళంతా పందిరి కింద బంతులు తీరి కూర్చున్నారు. అన్నం పడింది, పులుసు పడింది. కోటిలింగం కలుపుకుంటూ, ముక్క దొరుకుతుందేమోనని వేలు పెడితే విస్తరాకు తగిలింది స్వామీ అన్నాడు. బంతి అంతా ఒక్కసారి నవ్వింది. ఆ నవ్వు ఎందుకో సగంలోనే ఆగిపోయింది. ఎవరికి వాళ్ళు తలలు వంచుకుని తినసాగారు. అది పులుసు వడ్డించేవాడి మీద జాలితోనో, కోపంతోనో తెలియదు. భావనారాయణ ఎవరి ముఖమూ చూడకుండా ఆకు తరవాత ఆకు చూసుకుంటూ వస్తున్నాడు.

పేరంటాలు అత్తగారి ఆకు దగ్గరికి వచ్చాడు. ఆవిడ తినడం లేదు. అన్నంలో వేళ్ళు పెట్టి మెల్లగా వెతుకుతోంది. ఈ చివర, ఆ చివర, ఆకు అంచుల వెంబడి. ఎదురుగా ఎవరో నిలబడ్డారని తెలిసి సిగ్గుపడుతున్నట్టు నవ్వింది.

"కంటికి ఆనదు నాయనా. ముక్కలు పక్కకు జారిపోయినట్టున్నాయి, కాస్త చూపించవూ."

ముక్కలు లేవు అత్తా, ఎవరికీ లేవు అంది పేరంటాలు. ఆమె తల ఎత్తలేదు. గరిటెలోని పులుసు నేల మీద ఒలికిపోతోందని పక్కవాళ్ళు చెప్పేదాకా భావనారాయణకు తెలియలేదు.

అందరూ లేచి వెళ్ళిపోయాక, ఎంగిలాకులు అతనే ఎత్తాడు. ఎవరూ చెప్పలేదు. గురువు గారు పందిరి గుంజకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. భావనారాయణ చేతులు కడుక్కుని వచ్చి ఆయనకు కొంచెం దూరంగా, నేల మీదే కూర్చున్నాడు. తడి చేతులు చొక్కాకు తుడుచుకుంటూ అడిగాడు.

"స్వామీ, పేరంటాలుకు ఏం చెప్పమంటారు?"

గురువు గారు అతనివైపు చూశారు.

"నన్నెందుకు అడుగుతావు నాయనా? ఆ పిల్ల అడిగింది నన్ను కాదు గదా."

అంతే కథ. తర్వాత పాదు పెట్టారా లేదా అని నన్ను అడక్కండి. వెనక నిలబడ్డ పెద్దవాళ్ళూ, మీరూ అడక్కండి. పొద్దు వాలింది, లేవండి. చాపలు దులిపి మూల పెట్టి ఇళ్ళకు వెళ్ళి అన్నాలు తినండి. పులుసులో ముక్క తగిలితే అది ఎవరి పెరటిదో మీ అమ్మనొకసారి అడగండి.