ఊపిరిమెట్ల వేణుగోపాలుడు

వెలగలకొండ మీది వేణుగోపాలస్వామి గుడికి నూట పన్నెండు మెట్లు. చివరి ఏడు మరీ నిటారుగా ఉంటాయి. వాటినే ఊపిరిమెట్లు అంటారు. శనివారం సాయంత్రం స్వామి పల్లకీ అక్కడికి చేరగానే, ముందు నడిచే కీర్తనకారులు తాళాలు ఆపి పక్కకు తప్పుకుంటారు. పాట ఆగిందేమిటా అని కొత్త భక్తులు కంగారు పడతారు. అసలు పాట అప్పుడే మొదలవుతుంది.

పూర్వం ఇక్కడ సంగీతసేవ శేషాచార్యుల వారి అధీనంలో ఉండేది. ఆయన గొప్ప విద్వాంసులు, మంచి భక్తులు. కోపం మాత్రం ముక్కుమీదే ఉండేది. పల్లకీ మోసే బోయీలు అడుగు కలపడానికి "ఓహోం ఓహోం" అని పాట అందుకుంటే తమ రాగం చెడుతోందని విసుక్కునేవారు. ఒకనాడు, ఇకపై నోరు మెదిపిన బోయీకి సేవ ఉండదని ఆజ్ఞాపించారు.

బోయీల పెద్ద గంగులుకు తాతలనాటి ఆ పాట తప్ప స్వామికి ఇచ్చుకునేది మరేదీ లేదు. సేవ పోతుందన్న భయంతో పళ్లు బిగించి మోశాడు. పాట లేక అడుగులు తప్పాయి. చివరి మెట్ల దగ్గర పల్లకీ ఒరిగి, ఉత్సవమూర్తి చేతిలోని వేణువు జారి లోయలో పడిపోయింది. తప్పు గంగులుదేనని అతణ్ణి పంపివేశారు. ఇది వ్రాస్తుంటే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మరునాటి మధ్యాహ్నం ఆచార్యులకు కునుకు పట్టింది. కలలో కొండంతా మంచు. మెట్లు లేవు. గాలిలో నిలబడి ఎంత పాడినా కాలికింద ఏమీ తగలలేదు. అంతలో దిగువనుంచి సన్నగా "ఓహోం" అని వినిపించి, పాదం కింద ఒక మెట్టు వెలిసింది. మరో ఓహోం, మరో మెట్టు. ఏడవ మెట్టుమీద స్వామి వట్టి చేతులతో కూర్చుని ఉన్నారు. "నా వేణువులోదీ ఊపిరే కదయ్యా! వాళ్ల ఊపిరి ఎందుకు ఆపావు?" అని అడిగి మంచులో కలిసిపోయారు.

ఆచార్యులు చెప్పులైనా తొడగకుండా గంగులు గుడిసెకు వెళ్లి, తిరిగి రమ్మని బతిమాలారు.

"మొయ్యడానికి ఎవరైనా వస్తారు సామీ. పాట లేకుండా నేను రాలేను" అన్నాడు గంగులు.

"పాటతోనే రావయ్యా. నేనూ ఒక భుజం పడతాను."

ఆ శనివారం ఆచార్యులు పల్లకీ బొంగు భుజాన వేసుకున్నారు. ఊపిరిమెట్లు రెండెక్కేసరికి ఆయాసంతో రాగం గొంతులోనే నిలిచిపోయింది. సిగ్గుతో తల వంచుకున్నారు.

"ఓహోం అనండి సామీ, చాలు" అన్నాడు గంగులు.

అన్నారు. పల్లకీ తేలికగా పైకి సాగింది.

స్వామికి మళ్లీ వేణువు చేయించలేదు. నేటికీ ఆ ఏడు మెట్లమీద ఏ ఊరివారైనా, ఏ ఇంటివారైనా పల్లకీకి భుజం పట్టి గొంతు కలపవచ్చు. మాట రానివారు బొంగును అరచేత్తో తడతారు. మెట్లెక్కలేనివారు కిందనుంచే పాట అందుకుంటారు. పైన అర్చకులు గోత్రం అడగరు. "పాడారా?" అని మాత్రం అడుగుతారు. లేదన్నవారిని ఏడు మెట్లు దిగి మళ్లీ రమ్మంటారు.

నాకు పాట రాదండీ అని గొణిగినవారే రెండోసారి అందరికంటే గట్టిగా పాడుతూ రావడం ఎన్నోసార్లు చూశాను. వారిని స్వామి చల్లగా చూస్తారు. వారు తీర్థం పుచ్చుకునే వేళ, ఆ వట్టి చేతుల్లో వేణువు ఉన్నట్టే ఉంటుంది.