పదహారు బారలు

సుంకన్న ఆ పొద్దు గుట్ట ఎక్కి వస్తుంటే కుక్కలు కూడా మొరగకుండా పక్కకు తప్పుకున్నాయి. భుజం మీద చిరిగిన వల, చేతిలో తాడు చుట్ట, కళ్లల్లో నిప్పులు. మనిషి ఆరడుగుల పైమాటే. నిట్రాడు సుంకన్న అంటారు అందరూ. కోపమూ అంత పొడుగే. ఆ కోపం తగ్గించుకుందామనే రెండేళ్ల కింద నది ఒడ్డునున్న సొంతూరు వదిలేసి, మడుగు పక్కన గుట్ట మీద ఉండే దస్తగిరి సాయిబు దగ్గర శిష్యుడిగా చేరాడు. తగ్గిందా అంటే, మీరే చూస్తారుగా.

సాయిబు గుడిసె ముందు కూర్చుని చాటలో కందిపప్పు చెరుగుతున్నాడు. పిట్టంత మనిషి. ఒంటి మీద చొక్కా కూడా ఆయనది కాదు, మడుగులో చేపలు పట్టే మద్దిలేటిది. పోయిన రంజానుకు మద్దిలేటి పెట్టెలోంచి తీసి ఇచ్చాడు. ముసలాళ్లిద్దరిదీ ఒకే ఈడు, ఒకే కొలత. చొక్కా చేతులు మణికట్టు దాకా కుట్టించినట్టు సరిపోయాయి.

"తాతా, సాయంత్రం పంచాయితీకి నువ్వు రావాల. మద్దిలేటి మామ లోతు అబద్ధం చెప్పినాడని నీ నోటితో ఒక్క మాట అనాల. నువ్వంటే ఎవడూ ఎదురు చెప్పడు."

సాయిబు చేతిలో చాట ఆగింది.

అక్కడ అది చిన్న మాట కాదు మరి. ఆనకట్ట కట్టి ఈ మడుగు నిండినప్పుడు లోయలో అడవి అడవిగానే మునిగిపోయింది. ఆ చెట్లన్నీ నీళ్లడుగున ఇంకా నిలబడే ఉన్నాయి. ఎక్కడ ఏ చెట్టు ఎంత లోతులో ఉందో పాతవాళ్లకే తెలుసు. కొత్తవాడు వచ్చి అడిగితే, పగవాడైనా సరే, నిజం చెప్పితీరాలి. అబద్ధం చెప్పినవాడి పడవ ఒడ్డున బోర్లిస్తారు. ఇక వాడు చచ్చేదాకా ఆ నీళ్ల మీదికి రాకూడదు. మద్దిలేటికి డెబ్బై ఏళ్లు. పడవ తప్ప వేరే దిక్కు లేదు, చేపలు పట్టడం తప్ప వేరే పని రాదు.

"ఏం చెప్పినాడు మద్దిలేటి?"

"గద్దరాయి ముందర పద్దెనిమిది బారల కింద చెట్టు కొన ఉంది, వల పదహారుకు ఆపు, రెండు బారలు వదిలిపెట్టు అన్నాడు. సరిగ్గా పదహారే దించినా. పొద్దున లాగితే ఇదిగో!" వల విసిరికొట్టాడు సుంకన్న. నడిమధ్యన మనిషి దూరేంత చిరుగు. "నాలుగు నెలలు అల్లింది తాతా, నా పెండ్లాం ఈరమ్మ! జ్వరంలో కూడా అల్లింది. వేళ్లు కోసుకుపోతే గుడ్డ చుట్టుకుని అల్లింది. కొత్తోడు పెద్ద చేపలు పడతాడని ఆ ముసలోడికి ఏడుపు. కడుపుమంట!"

"నువ్వు దించింది పదహారేనా?"

"నన్నే అనుమానిస్తావా? నాకు లెక్క రాదా?"

సుంకన్నకు ఒళ్లు మండిపోయింది. నిజమే, నదిలో బారల లెక్క లేదు. వెదురు గెడ దించితే అడుగు తగిలేది. బారతో పని పడింది ఈ మడుగులోనే, అదీ రెండేళ్లకు సొంత వల చేతికొచ్చాక ఇదే మొదటిసారి. అయితే మాత్రం? రెండు చేతులూ చాచి తాడు కొలవడానికి కూడా ఎవడో నేర్పాలా?

"మద్దిలేటిని అడిగినావా?"

"అడిగేదేంది? పడవ బోర్లించేసి వచ్చినా."

"పంచాయితీ కాకముందే?"

"ఆ. ఒక్కణ్ణే బోర్లించినా. అడ్డమొస్తే తోసేసినా!"

సాయిబు ముఖం కందగడ్డలా అయింది. ఆయనకూ కోపం వస్తుందని సుంకన్నకు ఆ క్షణం దాకా తెలియదు. చాట పక్కన పెట్టి లేచాడు సాయిబు. కొడతాడేమో అనుకున్నాడు సుంకన్న. కొట్టినా బాగుండేది.

"ఆ తాడు కొలువు. నా ఎదురుగా."

సుంకన్న కొలిచాడు. ఛాతీ విరుచుకుని, రెండు చేతులూ బార్లా చాచి, గుట్టంతా వినబడేట్టు అరిచి మరీ లెక్కపెట్టాడు. "పదిహేను! పదహారు! చూస్తివా? జానెడు కూడా ఎక్కువ లేదు."

సాయిబు ఆ తాడు కొస అందుకున్నాడు. మద్దిలేటి చొక్కాలో ఉన్న చేతులు రెండూ బారజాపాడు.

"ఒకటి" అన్నాడు. తాడు జరిపి మళ్లీ చాచాడు. "రెండు."

సుంకన్న విసుగ్గా నీళ్ల వైపు తిరిగి నిలబడ్డాడు. పన్నెండు అని వినబడ్డాక ఒకసారి వెనక్కి చూశాడు. కాళ్ల దగ్గర తాడు ఇంకా కుప్పగానే ఉంది. అప్పటి నుంచి చూపు తిప్పుకోలేకపోయాడు.

"పదహారు" అన్నాడు సాయిబు. ఆగలేదు. "పదిహేడు. పద్దెనిమిది."

పద్దెనిమిదంటే మద్దిలేటి చెప్పిన చెట్టు కొన. తాడు ఇంకా మిగిలే ఉంది.

"పంతొమ్మిది. ఇరవై."

ఇంకా రెండు మూరల తాడు మిగిలింది. సాయిబు తాడు చుట్టచుట్టి సుంకన్న చేతిలో పెట్టాడు.

"పంచాయితీకి తప్పకుండా వస్తా. ఏం చెప్పమంటావో ఇప్పుడు చెప్పు."

సుంకన్న తలొంచుకుని గుట్ట దిగాడు.

ఒడ్డున బోర్లించిన పడవ పక్కన మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. మోచెయ్యి కొట్టుకుపోయి రక్తం కారుతోంది. సుంకన్నను చూడగానే అంతెత్తున లేచాడు.

"మళ్లీ వచ్చినావా? బోర్లించేదానికి ఇంకేం మిగిలిందిరా? నన్ను బోర్లించు! రా!"

సుంకన్న వంగి పడవ అంచు పట్టుకుని ఎత్తాడు. పొద్దున కోపంలో ఒక్క తోపుకు తిరగబడ్డ పడవ ఇప్పుడు మోకాలి దాకా కూడా లేవలేదు. చెయ్యి జారింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ జారింది. మద్దిలేటి నిలబడి వాడి ఏడు తరాలనూ తిడుతున్నాడే గానీ కదల్లేదు. మూడోసారి అవతలి పక్క ఉన్నట్టుండి తేలికైంది.

"ఎత్తరా నిట్రాడా! నీ ఎత్తు తగలెయ్య!"

ఇద్దరూ కలిసి పడవ తిప్పారు. సుంకన్న తాడు చుట్ట తెచ్చి ముసలాయన చేతిలో పెట్టాడు.

"నువ్వు కొలువు మామా."

మద్దిలేటి తాడు వైపు చూశాడు. తర్వాత సుంకన్న చేతులను భుజం నుంచి వేలి కొస దాకా చూశాడు.

"ఓరి నీ చేతులిరగ!"

సుంకన్న ఆయన కాళ్ల దగ్గర ఇసుకలో కూలబడ్డాడు. మద్దిలేటి ఇంకా తిడుతూనే, రక్తం కారుతున్న చేతిని పక్కకు చాచాడు.

"ఒకటి."