ఎర్రోడి పథ్యం

శారదా నది అవతలి గట్టున, చెరకు తోటల మధ్యలో, నూకరత్నం అనే ఆవిడ బెల్లం గానుగ నడిపేది. చలికాలం మొదలైందంటే ఆ గానుగ పొయ్యి ఆరేది కాదు. ఒక పక్క ఇంజను చెరకు పిండుతుంటే ఇంకో పక్క పెద్ద పెనంలో రసం కుతకుత ఉడుకుతుండేది. పిండేసిన పిప్పిని ఎండబెట్టి కొండలా పోసేవారు. ఆ కుప్పకి ఎదురుగా ఉన్న పాకలో సోములు అనే ముసలి ఎద్దూ, ఎర్రోడు అనే కుక్కా కాపురం ఉండేవాళ్ళు.

ఎర్రోడు పుట్టింది ఆ పొయ్యి వెనకాలే. తల్లి పాలు మానిన రోజు నుంచీ వాడికి ప్రాణం ఒక్కటే, పాకం మీద తేలే తెట్టు. నూకరత్నం గరిటెతో తెట్టు తీసి తాటాకు మీద చల్లారబెడితే వాడు నాకేవాడు. బెల్లం దిమ్మలు పోసేటప్పుడు అంచులకి అంటుకున్నది వాడిదే. కూలీలు వదిలేసిన అన్నమూ వాడిదే. ఏడేళ్ళు అలా గడిచాయి. తెల్లవారిందని వాడికి వెలుగును బట్టి తెలిసేది కాదు, మొదటి పెనం వాసనను బట్టి తెలిసేది.

ఎనిమిదో ఏట వాడికి తీరని దాహం పట్టుకుంది. సోములు తొట్టెలో నీళ్ళు సగం వాడే తాగేసేవాడు. తాగి గట్టు మీదికి పరిగెత్తి ఉచ్చ పోసుకుని, మళ్ళీ వచ్చి తాగేవాడు. ఎంత తిన్నా పక్కటెముకలు బయటపడుతూనే ఉన్నాయి. నూకరత్నం వాణ్ణి చెరకు మోసే ఆటోలో వేసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ రక్తం పరీక్ష చేసి, మనుషులకొచ్చే చక్కెర జబ్బు కుక్కలకీ వస్తుందనీ, ఇలాగే వదిలేస్తే ముందు చూపూ ఆ వెనక ప్రాణమూ పోతాయనీ చెప్పింది. పొద్దున ఒక సూది, సాయంత్రం ఒక సూది. తిండి తిన్నాకే సూది. తినకపోతే సూది వేయకుండా ముందు తనకి ఫోను చేయాలి. బెల్లం గానీ తెట్టు గానీ చెరకు ముక్క గానీ వాడి నోటికి తగలకూడదు.

వాడికి ఏం పెట్టాలన్న దాని మీద గానుగలో పెద్ద చర్చే జరిగింది. రాగి ముద్ద పెట్టమని ఒక కూలీ, పెరుగన్నం చాలని ఇంకొకడు సలహా ఇచ్చారు. నూకరత్నం డాక్టరమ్మ చెప్పిందే వండింది. తోలు తీసిన కోడిమాంసం, సొరకాయ ముక్కలు, కాసిన్ని దంపుడు బియ్యం, ఉప్పూ నూనే లేకుండా ఉడకబెట్టింది. అయితే తొందరపాటు మనిషి కాబట్టి పాత తిండి ఆ పూటే మాన్పించి, కొత్తది గిన్నె నిండా పెట్టేసింది. ఎర్రోడు మూతి తిప్పుకున్నాడు. మర్నాడు ఆకలికి ఆగలేక ఒక్క గుక్కలో మింగాడు. ఇంకేముంది, కడుపు చెడింది.

ఫోనులో డాక్టరమ్మ మెత్తగానే మందలించింది. ఒంటికి అలవాటైన తిండిని ఒక్కరోజులో లాగేయకూడదంది. పాత అన్నంలో ముందు గుప్పెడు కొత్తది కలిపి, రోజుకింత పెంచుకుంటూ పోయి, పది రోజులకి పూర్తిగా మార్చమంది. ఆ తరవాత ఏ రోజూ వేళ తప్పకూడదు, కొలత మారకూడదు. నూకరత్నం అలాగే చేసింది. పదకొండో రోజుకి ఎర్రోడు కొత్త తిండి అడుగంటా తిన్నాడు. నెల తిరిగేసరికి దాహం తగ్గింది, ఒళ్ళు నిండింది.

ఒళ్ళు కుదుటపడింది గానీ మనసు పడలేదు. పెనం దించే వేళకి వాడు పొయ్యి వైపు తిరిగి కూర్చునేవాడు. గరిటె పెనానికి తగిలిన చప్పుడు వినిపిస్తే చెవులు లేచేవి. తెట్టు ఇప్పుడు గోతిలో పోస్తున్నారు. ఆ గోతి చుట్టూ ముళ్ళకంప వేశారు. వాడు కంప దాకా వెళ్ళి, వాసన పీల్చుకుని, తిరిగి వచ్చి పడుకునేవాడు.

ఒక సాయంత్రం సోములుతో మనసు విప్పాడు.

"మామా, ఈ తిండి బాగానే ఉంది. కడుపు నిండుతోంది. నోరే ఖాళీగా ఉంటోంది."

సోములు నెమరు వేయడం ఆపాడు. "ఇంజను రాకముందు ఈ గానుగ తిప్పింది నేనూ, నా జోడు గవరయ్యా. పదకొండేళ్ళు ఎడమకే తిరిగాం. వాడు పోయాడు, నా మెడ మీద కాడి దించేశారు. ఇప్పటికీ లేచి నిలబడితే నా కాళ్ళు ఎడమకే పోతాయిరా."

"ఆ బెంగ ఎప్పటికి పోతుంది మామా?"

"పోదు. పోతుందని ఎవరన్నా చెబితే నమ్మకు. దాన్ని పక్కన పెట్టుకునే మేత మేస్తున్నాను."

ఈ మాట ఎర్రోడికి రుచించలేదు. పోయే దారి ఏదో ఒకటి ఉండకపోదని వాడి ఆశ.

చెరకు తోటలో ఒక నక్క ఉండేది. ఎండ్రకాయలూ ఎలకలూ తిని బతికే ఆ నక్కకి, ఉడికిన కోడిమాంసం వాసన రోజూ ఒకే వేళకి తగలడం మొదలైంది. ఒక పొద్దున మంచు ఇంకా విడవకముందే అది పిప్పి కుప్ప వెనకనుంచి వచ్చి, ఎర్రోణ్ణి వరస కలిపి పలకరించింది. బావ చిక్కిపోయాడని వాపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తిన్న తీపిని లాగేసుకోవడం ఎంత పాపమో చెప్పి కళ్ళు ఒత్తుకుంది. నెల రోజులుగా ఎర్రోడికి ఆ మాట అన్నవాళ్ళు లేరు. వాడు తోక ఊపుతూ దగ్గరికి జరిగాడు.

అప్పుడు నక్క అసలు సంగతికి వచ్చింది. "వాగు అవతల ఇంకో గానుగ ఉంది బావా. అక్కడ దిమ్మలు ఆరుబయటే పెడతారు. నాకు తీపి పడదు, నీకు ఈ చప్పిడి మాంసం పడదు. నీ గిన్నె నాకియ్యి, దిమ్మ నీకు తెస్తాను."

డాక్టరమ్మ వద్దందని ఎర్రోడు నసిగాడు. నక్క వాదించలేదు. తనతో తెచ్చిన చెరకు తొక్క ఒకటి వాడి ముందు పెట్టింది. దాని మీద ఎప్పుడో ఒలికిన పాకం ఎండి, గోరంత మెరుస్తోంది. ఎర్రోడు నాలిక ఆనించాడు. ఆ గోరంతలో వాడికి ఏడేళ్ళూ కనిపించాయి. కళ్ళు తెరిచేసరికి నక్క రాత్రి ఖాళీ అయిన గిన్నె అడుగు నాకేసి, రేపు గిన్నె మొత్తం ఉంచితే దిమ్మ నోట కరుచుకొస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు రెండు బళ్ళ చెరకు ఒకేసారి వచ్చి పడింది. రోజూ వాడు తినేదాకా పక్కనే కూర్చునే నూకరత్నం ఆ పొద్దున గిన్నె పెట్టి పెనం దగ్గరికి పరిగెత్తింది. ఎర్రోడు గిన్నెని మూతితో నెట్టుకుంటూ కుప్ప వెనక్కి తీసుకెళ్ళాడు. నక్క నాలుగు గుక్కల్లో ఖాళీ చేసి, మూతి తుడుచుకుని, ఇంకో పెనం దిగేలోపు దిమ్మతో వచ్చేస్తానని చెరకులో దూరింది. ఎర్రోడు ఖాళీ గిన్నెని మళ్ళీ పాక దగ్గరికి నెట్టుకొచ్చాడు. నూకరత్నం తిరిగి వచ్చి, అద్దంలా నాకిన గిన్నె చూసి, బంగారు తండ్రి అని వాడి తల నిమిరి సూది వేసింది.

ఎర్రోడు తోట దారి వైపు తిరిగి కూర్చున్నాడు. ఒక పెనం దిగింది. నక్క రాలేదు. రెండో పెనమూ దిగింది. ఎండ ఎక్కింది. వాడి కాళ్ళు వణకడం మొదలైంది. ఎదురుగా ఉన్న ఒక్క దారీ రెండు దారులైంది.

సోములు అది చూసి పొద్దున తిన్నావా అని అడిగాడు.

"గిన్నె నక్కకిచ్చాను మామా. వచ్చేస్తుంది, దిమ్మ తెస్తానంది."

ఆ మాట పూర్తవుతూనే వాడు పక్కకి ఒరిగిపోయాడు. నాలుగు కాళ్ళూ కొట్టుకున్నాయి, నోట నురగ వచ్చింది. ఖాళీ కడుపు మీద సూది పడితే ప్రాణం మీదికి వస్తుందని నూకరత్నం కూలీలతో పదేపదే అనడం సోములు విని ఉన్నాడు. పలుపు తెంచుకోవాలని గింజుకున్నాడు, తెగలేదు. చివరికి గుంజనే పెకిలించి ఈడ్చుకుంటూ వెళ్ళి పొయ్యి ముందు అడ్డంగా నిలబడి రంకె వేశాడు. కూలీలు చెరకు గడలతో కొట్టారు. కదల్లేదు. పదేళ్ళుగా నోరెత్తని ఎద్దు ఇలా ఎందుకు చేస్తోందో చూద్దామని నూకరత్నం వచ్చాక గానీ పాక వైపు తిరగలేదు.

వెనకే వెళ్ళి ఎర్రోణ్ణి చూడగానే ఆవిడ ఫోను తీసింది. ఫోనులో డాక్టరమ్మ ఒక్క క్షణం ఆలస్యం చేయవద్దంది. గొంతులో ఏమీ పోయకుండా, చిగుళ్ళకి బెల్లం పాకం రాసి వెంటనే తీసుకురమ్మంది. నూకరత్నం చల్లారిన పాకంలో వేలు ముంచి వాడి చిగుళ్ళకి రాసింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ రాసింది. కాసేపటికి కాళ్ళు కుదురుకున్నాయి. వాడు కళ్ళు తెరిచాక వాణ్ణి చంకనేసుకుని ఆటో ఎక్కింది.

సాయంత్రానికి ఎర్రోడు పాకకి చేరాడు. సోములు వీపు మీద గడల వాతలు చూసి తల దించుకున్నాడు.

"నీ నోట్లో పాకం పెట్టారు, తెలుసా?" అన్నాడు సోములు.

ఎర్రోడు నాలికతో చిగుళ్ళన్నీ వెతుక్కున్నాడు. ఏమీ మిగల్లేదు.

"ఎలా ఉంది మామా?"

"నాకేం తెలుసురా. తిన్నది నువ్వు."

ఇన్నాళ్ళు ఎదురుచూసిన తీపి నోటిదాకా వచ్చి, తనకి తెలియకుండానే వెళ్ళిపోయింది. బెంగ పోదని నువ్వు చెప్పిందే నిజం మామా అన్నాడు ఎర్రోడు.

రెండు రోజులయ్యాక ఒక పొద్దున నక్క మళ్ళీ వచ్చింది. దారిలో ఊరకుక్కలు తరిమాయనీ, దిమ్మ వాగులో పడిపోయిందనీ కథ చెప్పింది. ఎర్రోడు నమ్మినట్టే తల ఊపాడు.

"పోనీలే బావా. కుప్ప వెనక కూర్చో. ఈ పూట మాంసం కాస్త ఎక్కువే వేస్తున్నారు."

నక్క వెళ్ళి కూర్చుంది. నూకరత్నం గిన్నెతో పాటు పీట కూడా తెచ్చుకుంది. కుప్ప వెనక అడుగుల గుర్తులు చూసినప్పటి నుంచీ ఆవిడ పీట లేకుండా రావడం లేదు. ఎర్రోడు ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడి, ఒక్కో ముక్కా నమిలి తిన్నాడు. నక్కకి ప్రతి ముక్కా వినిపించింది. గిన్నె ఖాళీ అయ్యాక సూది పడింది. అప్పుడు ఎర్రోడు కుప్ప వైపు తిరిగి గట్టిగా మొరిగాడు. కూలీలు గడలు పట్టుకుని రెండు వైపులనుంచీ చుట్టుముట్టారు. ఆ రోజు సోములుకి పడిన దెబ్బలకి రెట్టింపు తిని, నక్క కుంటుకుంటూ వాగు దాటింది.

ఎర్రోడు ఇప్పటికీ పెనం దించే వేళకి తల ఎత్తుతాడు. వాసన పోయేదాకా అలాగే ఉండి, మళ్ళీ పడుకుంటాడు. నక్క మాత్రం రోజూ పొద్దున్నే వాగు అవతల నిలబడి, ఇటునుంచి గాలి వీస్తే ఉడికిన మాంసం వాసన పీల్చుకుని, లొట్టలేసుకుంటూ వెనక్కి పోతుంది.

బెంగ ఉండటం తప్పు కాదు, దాన్ని తీరుస్తానని వచ్చినవాడికి మన గిన్నె అప్పగించడమే తప్పు.