దీనమ్మ గుప్పెడు బియ్యపు మొక్కు

ఉపవాస దినములు ముగిసిన సాయంకాలమున ఇంటిల్లిపాదియు, వినవచ్చిన పొరుగువారును చాపలపై కూర్చుండి, ఒక్కొక్కరు తమ యింటి గుప్పెడు బియ్యము చేతబట్టి, ఇంటిపెద్ద చదువగా ఈ కథ వినవలెను. కథ ముగియువరకు ఆ బియ్యము క్రింద పెట్టరాదు. పిల్లలు నాలుగు గింజలు నోట వేసికొన్నచో కోపపడనక్కరలేదు.

ఒకనాడు ఏనోషు అను చిన్న పాస్టరు, ముసలి పాస్టరైన జెకర్యాగారి యొద్దకు వచ్చి, చెప్పులు విడిచి, వందనములు చెప్పి యిట్లడిగెను. “అయ్యగారూ, కాలము బాగుండలేదు. వరదలు, జబ్బులు, పుకార్లు. నిన్నటిదాకా పలకరించినవారు నేడు మొగము తిప్పుకొనుచున్నారు. దేవుడెక్కడ నున్నాడని సంఘమువారు నన్నడుగుచున్నారు. నిజము చెప్పవలెనన్న నేనును అదే అడుగుచున్నాను. విశ్వాసము సడలకుండ నిలుచుటకు ఏదైన మొక్కుబడి యున్నచో సెలవియ్యుడు.” అందుకు జెకర్యాగారు నవ్వి, ఈ ప్రశ్న పాతదేననియు, పూర్వము గోగులంకలో ఫిలేమోను పాస్టరుగారికి ఇదే కష్టము కలిగెననియు చెప్పి, ఆ కథ నిట్లు వినిపించెను.

గోదావరి పాయల నడుమ గోగులంక యను పల్లె కలదు. తొలుత పెద్ద వరద వచ్చి పంటలన్నియు ఊడ్చుకొనిపోగా, అచ్చటి చర్చివారు కూడి యొక మొక్కు మొక్కుకొనిరి. ఇల్లాలు అన్నము వండబోవునప్పుడెల్ల, బియ్యము కడుగక మునుపే గుప్పెడు తీసి వేరొక కుండలో వేయవలెను. ఇంటింటికి తిరిగి వాక్యము చెప్పు దోర్కాసమ్మ యను బైబిలు స్త్రీ గుడ్డసంచి భుజాన వేసికొని పోయి, ఆ బియ్యము పుచ్చుకొని, ప్రార్థించి వచ్చుచుండెను. ఏ యింట బియ్యము లేకుండెనో, ఆ యింట ఆమె సంచి విప్పి తానే పోసి వచ్చెడిది. ఈ సంగతి ఎవరును పైకి అనుకొనెడివారు కారు. ఆ విధముగా లంక కుదుటపడెను.

కుదుటపడగానే మనుష్యులకు మరపు వచ్చును గదా. ఫిలేమోనుగారు పాస్టరుగా వచ్చిన పిదప లంకలో విషజ్వరము ప్రబలెను. చర్చికి పోవువారివలననే జ్వరము అంటుకొన్నదని బయట ఒక పుకారు పుట్టెను. పాస్టరుగారికి భయము పట్టుకొనెను. ఇక దోర్కాసమ్మ తిరుగనక్కరలేదనియు, ఎవరి బియ్యము వారే ఆదివారమున తెచ్చి చర్చిలో బల్లముందు పోయవలెననియు ఆయన ప్రకటించెను. అందరును తలలూపిరి. తల్లికి కాళ్లనొప్పులు తప్పినవని దోర్కాసమ్మ కూతురు సంతోషించెను.

ఉన్నవారు తెచ్చి పోసిరి. లేనివారు సిగ్గుపడి చర్చికి వచ్చుటయే మానిరి. పాస్టరుగారు ఖాళీ చాపలు చూచి, వీరి విశ్వాసము చల్లారెనని తలచి, ఆదివారమాదివారము అంత్యదినములను గూర్చి గొంతు చించుకొని బోధించెను. విన్నవారు మరింత బెదిరిపోయిరి. చర్చిలోని బియ్యమునకు పురుగు పట్టెను, ఇండ్లలో పొయ్యిలు ఆరిపోయెను. ఇది దేవుడు వేసిన శిక్షయని కొందరందురు. నేనట్లనను. గుమ్మము త్రొక్కువారు లేనప్పుడు ఇంటిలోని ఆకలి ఎవరికి తెలియును?

అంతట దోర్కాసమ్మకే జ్వరము వచ్చెను. పాస్టరుగారు ప్రార్థన చేయబోగా ఆమె కండ్లు తెరచెను.

“నా సంచి ఎవరు తిప్పుతున్నారండీ అయ్యగారూ?”

“ఇప్పుడు ఎవరిది వారే తెస్తున్నారమ్మా.”

“మరి దీనమ్మ తెత్తందాండీ? ఏసోబు మంచం మీదున్నాడని ఇన్నాను.”

ఏసోబు రేవులో పడవ నడుపువాడు, దీనమ్మ అతని భార్య. వారు చర్చికి రాకపోవుట పాస్టరుగారు గమనించెను గాని, ఎందుకు రాలేదో కనుగొనలేదు. చిలుకకొయ్యకు వ్రేలాడుచున్న సంచి తీసికొని తానే బయలుదేరెను.

పాస్టరుగారంతటివారు సంచి పట్టుకొని వచ్చుట చూచి దీనమ్మ కంగారుపడెను. “ఉండండి అయ్యగారండీ, ఇప్పుడే తెత్తాను” అని లోపలికి పోయి, పిడికిలి బిగించి వచ్చి, చేయి సంచిలో పెట్టి విప్పెను. ఆయన ప్రార్థించుటకు కన్నులు మూసికొని యుండెను. గింజ రాలిన చప్పుడు లేదు. కన్నులు తెరచునప్పటికి ఆమె ఆ చేతిని కొంగులో దాచుకొనుచుండెను.

“పొయ్యి వెలిగించి ఎన్నాళ్లయిందమ్మా?” అని ఆయన అడిగెను.

“మిమ్మల్ని ఉత్తినే పంపితే మొక్కు తప్పినట్టే గదండీ” అని ఆమె ఏడ్చెను. “ఆయనకి గంజి పోద్దామంటే గింజ లేదండీ. చర్చికి ఏ మొకం ఎట్టుకుని వత్తానండీ?”

ఆ మాటకు ఫిలేమోనుగారి గుండె చెరువాయెను. దేవుడు ఏల మాటలాడడని తాను ఇన్నాళ్లు నిలదీయుచుండగా, ఇచ్చట ఒక స్త్రీ ఉత్త పిడికిలితోనైనను మొక్కు చెల్లింపజూచుచుండెను. చల్లారిన విశ్వాసము ఆమెది కాదని ఆయనకు తెలిసెను. పరుగున ఇంటికి పోయి, భార్య కడుగబోవుచున్న బియ్యమును గిన్నెతో సహా ఎత్తుకొని వచ్చెను. ఇదేమి చోద్యమని ఆమెయు వెంటవచ్చి, సంగతి చూచి, గంజి కాచి ఏసోబుకు త్రాగించెను. కొన్ని దినములకు ఏసోబు లేచి కూర్చుండెను.

ఆ ఆదివారమున పాస్టరుగారు ప్రసంగము మానుకొని, దీనమ్మ పేరెత్తక, తాను పెట్టిన కట్టడి తప్పని సంఘము నెదుట ఒప్పుకొనెను. నాటినుండి తానే సంచి వేసికొని తిరిగెను. సంఘములో పేరు లేనివారి గుమ్మములయొద్దను ఆగెను. పుకారు పుట్టించినవారి యింటను జ్వరమే యుండెను గనుక అచ్చటను బియ్యము పోయబోయెను. వారు మొదట తలుపు తీయలేదు, పిదప తీసిరి. ఏసోబు పడవ మరల రేవులో దిగగా చర్చివారనక బయటివారనక లంకవారందరును ఎక్కిరి. దోర్కాసమ్మ కోలుకొని, పాస్టరుగారికి సంచి మోయుట చేతగాదని నవ్వెను. కుండలో బియ్యము దానంతట అదే పొంగలేదు. జ్వరము ఒక్కనాట పోలేదు, కొందరు చనిపోయిరి కూడ. అయినను ఎవరును దిక్కులేక చనిపోలేదు.

ఇట్లు జెకర్యాగారు కథ ముగింపగా, దేవుడెక్కడ నున్నాడను ప్రశ్నకు జవాబు రాలేదని ఏనోషు అనెను. ముసలాయన తాను ఇంటింటికి తిప్పు బియ్యపు సంచి తీసి అతని చేతికిచ్చి, “నాకూ పూర్తిగా తెలీదయ్యా. ఇది తిప్పేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న అంత బరువనిపించదు. పద, ఎండెక్కకముందే వెళ్దాం” అనెను.

ఈ మొక్కును భయపడినవారు చేయవలెను. ప్రార్థించుటకు మాటలు రానివారు, పొరుగువారితో పలుకులు మానినవారు, బోధించి బోధించి అలసిన పాస్టర్లు తప్పక చేయవలెను. చేసినవారి యింట కలిమి పెరుగునని నేను చెప్పజాలను. వారి గుమ్మమునకు మనుష్యులు వత్తురు, కష్టకాలమున తలుపు తట్టువారుందురు, దేవునియందలి నమ్మిక మెల్లమెల్లగా కుదురుకొనును.

ఇక చేతిలోని బియ్యము ఒక గుడ్డసంచిలో పోసి, చాలనాళ్లుగా త్రొక్కని గుమ్మమొకటి తలచుకొని, అందరును లేచి అచ్చటికి పోవలెను. అంతకు ముందు ఇంటిపెద్ద ఒక్కసారి చుట్టు చూడవలెను. విన్నవారిలో ఎవరైన ఇంతసేపు ఉత్త పిడికిలి బిగించుకొని కూర్చుండి యుందురేమో. ఉన్నచో ఏమియు అడుగక, తన చేతిలోనిది ఆ చేతిలో పోయవలెను. ఆమేన్.