మైకు కూర్చునే చోటు

దస్తగిరి రికార్డు చేసి పంపిన గిటారు ముక్క రెండోసారి కూడా తిరిగొచ్చింది.

"గోడ కట్టినట్టుంది రా, నేను పాడేదానికి సందెక్కడ?" అని జయశీల్ బెంగుళూరు నుంచి వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఆదివారం లోపల ఇంకోటి పంపు. కాకుంటే ఇక్కడే ఎవరితోనన్నా వాయింపించుకుంటా. కోపం పెట్టుకోవద్దు."

ఆ చివరి మాట దగ్గర అతని గొంతు మెత్తబడింది. దస్తగిరికి బాధ కలిగించింది అదే. తిట్టి ఉంటే బాగుండేదనుకున్నాడు.

పాట ఇద్దరిదీ. వరస దస్తగిరిది, మాటలు జయశీల్‌వి. ఆదోనిలో కాలేజీ ఫంక్షన్లలో, పెళ్లి రిసెప్షన్లలో ఆరేళ్లు కలిసి తిరిగారు. ఉద్యోగం వచ్చి జయశీల్ వెళ్లిపోయి ఏడాదిన్నర అయింది. మొదట్లో రోజూ ఫోన్లు. తర్వాత వారానికొకటి. ఇప్పుడు ఇద్దరి మధ్యా మిగిలింది ఈ పాట ఒక్కటే.

దస్తగిరి వాళ్లది దూదేకుల ఇల్లు. తాత విల్లు భుజాన వేసుకుని ఊళ్లు తిరిగి దూది ఏకాడు, తండ్రి మిషను పెట్టాడు. దస్తగిరి పరుపుల అంగడి నడుపుతున్నాడు. అంగడి మీద ఒక గది ఉంది. దాని నాలుగు గోడలకీ అమ్ముడుపోని పరుపులు నిలబెట్టి, కిటికీకి బొంత కొట్టి, దాన్నే స్టూడియో అన్నాడు. మైకు నిలబెట్టేందుకు స్టాండు లేదు. పాత టేబుల్ ఫ్యాను కాలుకి మైకును గుడ్డపీలికతో కట్టాడు.

తలుపు మూస్తే ఆ గదిలోకి పత్తి బండ్ల చప్పుడు రాదు, అజాన్ రాదు, వాన పడినా తెలీదు. రోజూ అంగడి కట్టేసి అందులో కూర్చునేవాడు. ఒక్కోసారి తన దగ్గుకి తనే ఉలిక్కిపడేవాడు.

పాటకి పెద్ద శబ్దం కావాలి. వాన ముందు ఉరిమినట్టుండాలని జయశీలే అన్నాడు. అందుకని దస్తగిరి గిటారు శబ్దం పెంచే ఆంప్ మీద ఉన్న మీటలన్నీ చివరికంటా తిప్పాడు. గది అదిరింది, పరుపుల మీంచి దుమ్ము రాలింది. రికార్డయింది వింటే మాత్రం మిక్సీలో పప్పు రుబ్బినట్టుంది. చాలలేదనుకుని అదే ముక్కను మళ్లీ వాయించాడు. ఒకదాని మీద ఒకటి ఎనిమిదిసార్లు వాయించి కలిపాడు. ఎంత కలిపితే శబ్దం అంత చిన్నదైపోయింది.

శుక్రవారం అంగడికి సెలవు. ఆ మధ్యాహ్నం వెళ్లి ఆశీర్వాదం మాస్టారును పిలుచుకొచ్చాడు.

మాస్టారు ముప్పై ఏళ్లు ఒక చిన్న స్టూడియోలో భక్తిగీతాల క్యాసెట్లు రికార్డు చేసిన మనిషి. ఒక్క గది, ఒక్క మైకు, పదిమంది పాడేవాళ్లు. ఇప్పుడు చర్చి వీధిలో మైకుసెట్లు బాగుచేస్తున్నాడు. తీగ అతికించడం నుంచి శ్రుతి పోల్చుకోవడం దాకా దస్తగిరికి వచ్చిన పని ఆయన దగ్గర నేర్చుకున్నదే.

మెట్లెక్కుతూ మూడుచోట్ల ఆగాడు మాస్టారు. గదిలోకి వచ్చి, చుట్టూ పరుపులు చూసి, "బాగా మూసినావప్పా" అన్నాడు. అది మెప్పో కాదో దస్తగిరికి తెలియలేదు.

రికార్డయింది వినిపించాడు. మాస్టారు చివరిదాకా కదలకుండా విన్నాడు.

"ఎంతమంది వాయించినారు?"

"నేనొక్కన్నే సార్. ఎనిమిదిసార్లు."

మాస్టారు తలూపాడు.

"మైకు మార్చాల్నా సార్? ఇంకో రెండు పరుపులు తెచ్చి వేయమంటారా?"

మాస్టారు లేచి, మైకు కట్టిన ఫ్యాను కాలును రెండు చేతులా ఎత్తి మూలన పెట్టాడు. ముక్కాలిపీట జరుపుకుని ఆంప్ స్పీకరు ముందు, ఇందాక మైకు ఉన్నచోటే కూర్చున్నాడు. తల పక్కకి వంచి చెవిని స్పీకరు జాలీకి జానెడు దూరంలో పెట్టాడు.

"ఊఁ, వాయించు."

"సార్, అక్కడొద్దు. చెవులు పోతాయి."

"ఇన్నాళ్లు ఇక్కడున్న మైకుకు పోలేదా? వాయించప్పా."

గిటారు మెడ పట్టుకున్నాడు. చెయ్యెత్తాడు. తీగ మీదికి చెయ్యి దిగలేదు. డెబ్బై ఏళ్ల చెవి. చెవి తమ్మె మీద తెల్లటి నూగు. ఆ చెవిని పెట్టుకునే ఆయన ఇప్పటికీ పొట్ట నింపుకుంటున్నాడు.

చెయ్యి దించి, వంగి, పెద్ద మీట సగానికి తిప్పాడు. మాస్టారు వైపు చూశాడు. ఇంకొంచెం తగ్గించాడు. గరగర పెంచే మీటను కూడా వెనక్కి తెచ్చాడు. అప్పుడు ఒక్క తీగ మీటాడు.

మాస్టారు కనుబొమ్మలు ముడిపడ్డాయి. దస్తగిరి కీచుదనం తగ్గించి మళ్లీ మీటాడు. కనుబొమ్మలు విడిపోయాయి.

వాయించడం మొదలుపెట్టాడు. మాస్టారుకు ఆ పాట తెలియదు. చరణం ఎక్కడ మొదలవుతుందో ఆయనకు తెలియాలి కదా అని జయశీల్ మాటలు తనే సన్నగా పాడాడు. మాట వచ్చినచోట చెయ్యి తనంతట తనే ఆగింది. మాట అయిపోయాక అందుకుంది. ఆరు తీగలూ విడివిడిగా వినబడుతున్నాయి. ఈ ఆంప్‌లో ఇన్ని ఉన్నాయని అతనికి ఇంతవరకూ తెలీదు.

మాస్టారు పాదం నేల మీద తాళం వేయసాగింది.

"ఇంకోసారి" అన్నాడు అయిపోగానే.

రెండోసారి పల్లవి తిరిగొచ్చే దగ్గర దస్తగిరి ఒళ్లు మరిచి చేతిబలమంతా వేసి కొట్టాడు. గది ఉరిమింది. కొట్టాక భయపడి చూశాడు. మాస్టారు తల వెనక్కి తీయలేదు. కళ్లు తెరిచి, ముందుపళ్లు లేని నోటితో నవ్వుతున్నాడు.

అప్పుడు మోకాలు పట్టుకుని లేచాడు. ఫ్యాను కాలును తెచ్చి, పీట జరిపి, తన చెవి ఉన్నచోట మైకు పెట్టాడు. తన తల ఎంత వంగిందో దాన్నీ అంత వంచాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"ఉండండి సార్. మీరుంటేనే బాగొస్తాంది."

"నేనుంటే నాకు వాయిస్తావు. పాడేది నేనా?"

మెట్ల మీద ఆయన అడుగులు రెండు వినిపించాయి. తర్వాత తలుపు మూసుకుంది. పరుపుల గది పరుపుల గదే అయింది.

దస్తగిరి చాలాసేపు మైకు వైపు చూస్తూ కూర్చున్నాడు. బెంగుళూరులో ఈ వేళకి వాడు ఏం చేస్తుంటాడో అతనికి తెలియదు. ఎక్కడ తింటాడో, ఏ పక్కకి తిరిగి పడుకుంటాడో ఏడాదిన్నరలో ఒక్కసారీ అడగలేదు. ఫోన్ చేసినప్పుడల్లా కొత్త ఆంప్ గురించే మాట్లాడాడు.

"జయా" అని పిలిచి చూశాడు. గోడలు ఆ మాటను అక్కడికక్కడే మింగేశాయి.

అయినా వాయించాడు, ఒక్కసారే. రెండోసారి వాయించి కలపాలనిపించలేదు. పాడే మాటలకు వదలాల్సిన జాగాల్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ జాగాలు చాలా పొడుగ్గా అనిపించాయి.

శనివారం పొద్దున పంపించాడు. ఆదివారం సాయంత్రం పాట తిరిగొచ్చింది, ఈసారి జయశీల్ గొంతుతో. అదే గొంతు, కొంచెం బరువెక్కింది. చరణంలో దస్తగిరి ఆగిన ప్రతిచోటా ఆ గొంతు వచ్చి కూర్చుంది. కింద ఒక్క ముక్క రాశాడు: "చోటుంది రా."

దస్తగిరి వెంటనే ఫోన్ చేశాడు. చాలాసేపు మోగి ఆగిపోయింది. మళ్లీ చేయలేదు. పాట పెట్టుకుని ఒక్కడే మూడుసార్లు విన్నాడు.

సోమవారం అంగడి తెరవకముందే చర్చి వీధికి వెళ్లాడు. మాస్టారు ఒక మైకు విప్పుకుని, తెగిన తీగ అతికిస్తున్నాడు. దస్తగిరి గడప దగ్గర నిలబడి జరిగింది చెప్పాడు. మాస్టారు "మంచిది" అన్నాడు. పని ఆపలేదు.

దస్తగిరికి అడగకుండా ఉండబుద్ధి కాలేదు.

"అంత పొద్దు స్పీకరు ముందు కూర్చున్నారు సార్, మీకేమన్నా అయ్యింటే? శబ్దం తగ్గించమని ఒక్క మాట చెప్పింటే సరిపోయేది కదా."

"చెప్పింటే తగ్గించేవాడివా?"

"ఎందుకు తగ్గించను సార్?"

మాస్టారు తల ఎత్తకుండా, "ఆ పాడే పిల్లోడు ఎప్పుడూ చెప్పలేదా?" అన్నాడు.



"చెప్పినాడు సార్."

"ఎన్నిసార్లు?"

వీధిలో ఒక సైకిలు వెళ్లింది. మాస్టారు తీగ కొస ఒకటి అతని వైపు చాచాడు. దస్తగిరి చెప్పులు విప్పి లోపలికి వచ్చి, ఎదురుగా కూర్చుని, దాన్ని కదలకుండా పట్టుకున్నాడు.