శరభయ్య ఆవిరి గొట్టం

నేను కళ్లారా చూసిన సంగతే చెబుతున్నాను. నమ్మకపోతే ఆ కోట గోడల్ని అడగండి. అవి కూలిపోయాయనుకోండి, అది వేరే సంగతి.

శరభయ్య అనే వర్తకుడు వీరభూపతి మహారాజుకి ఒక వెండి గొట్టం చూపించాడు. "ప్రభూ, చుట్టలో బోలెడు పొగాకు. ఇందులో దాని రసం ఒక్క చుక్క. ఎంత పీల్చినా ఒంటికి పట్టదు," అంటూ గుప్పున ఆవిరి వదిలాడు. ఇలాంటి గొట్టాలు రేపే కాపలా భటులందరికీ పంచమన్నాడు రాజు.

ఆ భటుల్లో ఒకడి తల్లి, చుట్టలు చుట్టే అసిరమ్మ, అక్కడే ఉంది. ఆమెకి ఏనుగంత అనుమానం వచ్చింది. "ఒంటికి పట్టనిదాన్ని గడియకి పదిసార్లు ఎందుకు పీలుస్తున్నావు బాబూ?"

"రుచి కోసం, ముసలమ్మా."

"సరే. దొరా, తమ బిరుదులు ఓసారి పూర్తిగా చదివించండి. వినాలనుంది."

బిరుదులు చదువుతుంటే ఎవరూ నోట ఏదీ పెట్టకూడదని ఆ కొలువు ఆచారం. బిరుదులేమో మూడు వేలు, నేనే లెక్కపెట్టాను. వందో బిరుదుకి శరభయ్య చెయ్యి గొట్టం వైపు పాకింది. రెండొందలకి తలపాగా కొస నమిలాడు. మూడొందలకి పక్కవాడి బాకా లాక్కుని, ఊదాల్సింది పోయి పీల్చడం మొదలెట్టాడు.

రాజు చదువు ఆపించాడు.

"గొట్టంలో చుక్కే ఉందేమో దొరా," అంది అసిరమ్మ. "ఆ బాబు ఒంట్లో ఎంతుందో చూడండి."

రాజు ఆజ్ఞ వెనక్కి తీసుకున్నాడు. "అయితే నీ కొడుక్కి చుట్టే మేలంటావా?"

"చుట్టేదాన్ని నేను దొరా. అందుకే వాడికి ఒక్కటీ ఇవ్వలేదు."